అది ఎగరదు, ఎగరకూడదు కూడా

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో నా ఫొటో పెట్టి ఒక వార్త వేశారు. ‘తుక్కు రేకులతో సొంత హెలికాప్టర్.. త్వరలో గగన విహారం’ అని హెడ్డింగు. వచ్చిన విలేకరి మర్యాదస్తుడే. షెడ్డులో గంటన్నర కూర్చున్నాడు, మా ఆవిడ పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిన్నాడు, చెప్పినవన్నీ రాసుకున్నాడు. ఆ రాసుకున్న కాగితం ఏ సందులో జారిపోయిందో గానీ, నేను చెప్పింది వేరు, అచ్చయింది వేరు. ఆ ఒక్క హెడ్డింగులోనే మూడు తప్పులున్నాయి. ‘సొంత’ తప్పు, ‘గగన విహారం’ తప్పు, ‘తుక్కు రేకులు’ తప్పు. సవరణ వేస్తారని ఈ ఉత్తరం.

మొదటిది తొందరగా తేల్చేస్తాను. ఆ హెలికాప్టర్ నేను తయారు చేసింది కాదు. అది చేతక్. ఫ్రాన్సువాళ్ల అలూయెట్-3 నమూనాను లైసెన్సు తీసుకుని, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో 1960ల నుంచి తయారు చేశారు, 300కు పైగా. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నారు. నేను ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే ఇంజిను కాకుండా మిషన్ ఒళ్లు చూసుకునే పనిలో, 20 ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం ఆ గుర్రం పొట్ట కిందే పడుకుని గడిచింది. ఇప్పుడు నా షెడ్డులో ఉన్నది ఒక ప్రైవేటు సంస్థ వాడి వదిలేసిన దాని ఒళ్లు మాత్రమే. ముందు క్యాబిను, మధ్యలో ఉక్కు గొట్టాల చట్రం, వెనక తోక. ఇంజిను లేదు, గేరుబాక్సు లేదు, రెక్కలు లేవు. బెంగళూరులో ఒక తుక్కు గోడౌనులో కోళ్లు దాంట్లో కాపురం చేస్తుంటే బేరమాడి కొన్నాను. లారీ మీద వస్తుంటే తోక వెనక్కి పొడుచుకుని ఉంది, చివర ఎర్రగుడ్డ కట్టాం. అమకతాడు టోల్‌గేటు దగ్గర కుర్రాళ్లు ‘ఏ హీరో సినిమా సార్?’ అని అడిగారు.

రెండో తప్పు సంగతి. మొదట నాకూ నవ్వులాటగానే అనిపించింది. వార్త వచ్చిన సాయంత్రానికి మా గేటు ముందు రెండు ఆటోలు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు. ఒక రౌండు తిప్పితే ఎంత అని. నంద్యాల నుంచి ఒకాయన ఫోన్ చేసి, కూతురి పెళ్లికి మండపం మీద పూలు చల్లాలి, అడ్వాన్సు ఎంత పంపమంటారు అన్నాడు. మర్నాడు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి పర్మిషన్ కాగితాలు చూపించమన్నాడు. ఇంజిను ఉండాల్సిన చోటికి తీసుకుపోయి చూపించాను. అక్కడ మా మనవడి క్రికెట్ బ్యాటు, పాత టార్పాలిన్ ఉన్నాయి. నవ్వి, టీ తాగి పోయాడు.

బుధవారం మాత్రం నవ్వు రాలేదు. ఆదోని పక్క పల్లె నుంచి ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లాడు బస్సెక్కి వచ్చాడు. చేతిలో మీ పేపరు కత్తిరింపు, ఫోనులో ఫొటోలు. బైకు ఇంజిను, ఇనుప పైపుల చట్రం. ప్లైవుడ్‌తో రెక్కలు కోసి, పైన కూలర్లకు వాడే అల్యూమినియం రేకు చుట్టి, పాప్ రివిట్లు, అంటే రేకుల్ని కలిపి బిగించే చీలలు, కొట్టాడు. ‘మీది ఎగురుతోందంట కదా తాతా, నాది ఎందుకు ఊగిపోతోందో చూడండి’ అన్నాడు. ఊగిపోతోంది అంటే అప్పటికే ఒకసారి తిప్పి చూశాడన్నమాట! నా కాళ్లలో సత్తువ పోయింది.

2021 ఆగస్టులో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో ఒక కుర్రవాడు, వెల్డింగ్ పని చేసుకునేవాడు, చేతి పనిలో ఘటికుడు, తను చేసుకున్న హెలికాప్టర్‌ని నేల మీదే పరీక్షిస్తుండగా తోక రెక్క విరిగి పెద్ద రెక్కకు తగిలింది. ఆ పెద్ద రెక్క అతని తలకు కొట్టింది. చనిపోయాడు. ఎగరనే లేదు, నేల మీదే. ఈ పిల్లాడికి ఆ సంగతి చెప్పి, లెక్క వేసి చూపించాను. చేతక్ రెక్కలు గిరగిరా తిరిగే వెడల్పు 11 మీటర్లు. నిమిషానికి దాదాపు 350 చుట్లు. అంటే రెక్క కొస సెకనుకు 200 మీటర్లు పోతుంది. ఆ కొసన ఒక వైపు 100 గ్రాములు, అంటే ఒక టీ గ్లాసు నీళ్లంత బరువు ఎక్కువైందనుకోండి, అది 75 కిలోల మనిషి వేలాడినట్టు లాగుతుంది. ఆ లాగుడు ప్రతి చుట్టుకీ చోటు మారుతుంది కాబట్టి మిషన్ మొత్తం కుదేస్తుంది. నీ రెక్కలు తూకం వేశావా నాయనా అంటే, కిరాణా షాపు కాటాలో వేశానన్నాడు. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి మాట్లాడి, బస్సెక్కించి పంపాను. రెక్కలు కోసి పారేస్తానని మాటిచ్చాడు. నమ్మకం లేదు. నేనూ ఆ వయసులో అంతే.

మన ప్రాంతంలో హెలికాప్టర్ అన్న మాట ఊరికే వాడే మాట కాదు. 2009 సెప్టెంబరు 2న బెల్ 430 పావురాలగుట్ట మీద పడి ముఖ్యమంత్రితో సహా ఐదుగురు పోయారు. అర్హతలున్న పైలట్లు, కాగితాలున్న మిషన్. సరిగ్గా నెల తర్వాత తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మిద్దెల మీద బిక్కుబిక్కుమంటున్న జనానికి పొట్లాలు జారవిడిచిందీ హెలికాప్టర్లే. ఆ రెండూ చూసిన ఊరు ఇది. ‘త్వరలో గగన విహారం’ అని వేసేముందు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది.

ఇక మూడోది, ‘తుక్కు రేకులు’. నిజం చెప్పాలంటే ఇదే నాకు ఎక్కువ కష్టం కలిగించింది. పిల్లాడి విషయం ముందు ఇది చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ నాలుగేళ్లుగా నేనూ, పాతబస్తీలో ఒక భాయ్, మా ఆవిడా చేసిన పని ఆ రెండు ముక్కల్లో తుడిచిపెట్టుకుపోయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, స్థలం లేకపోతే కత్తిరించుకోండి.

క్యాబిను నేల కింద రేకు పుచ్చిపోయింది. నీళ్లు కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి, వాటిలో కందిరీగలు మట్టి గూళ్లు పెట్టాయి. నీరు నిలిచింది. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, సున్నంలా తెల్లగా ఉంటుంది. గోరుతో గీరితే రేకు మడత కాజా పొరల్లా విడిపోయింది. ఆ రేకు కూలర్ల రేకు కాదు, గిన్నెల రేకూ కాదు. 2024 అనే నంబరున్న అల్యూమినియం మిశ్రమం, అందులో నూటికి నాలుగు పాళ్లు పైగా రాగి కలుస్తుంది. గిన్నెల అల్యూమినియానికి దాదాపు నాలుగింతల బలం. కానీ రాగి ఉంది కాబట్టి తొందరగా చెడుతుంది, అందుకని రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలచటి పొర అద్దుతారు. 0.8 మిల్లీమీటర్ల రేకు మీద ఆ పొర ఒక్కో వైపు 0.04 మిల్లీమీటర్లు. మేకుతో ఒక్క గీత గీస్తే చాలు, ఆ పొర తెగి లోపలి రేకు గాలికి బయటపడుతుంది. ఆ రేకు కర్నూలులో దొరకదు. బెంగళూరు నుంచి తెప్పించాను, ముక్కలు కోయించి, పెద్ద చాపలా వదులుగా చుట్టి, బస్సు టాపు మీద. కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడు.

మడతలు వేయించడానికి మొదట కల్లూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక షాపుకు పోయాను. పెద్ద బెండింగ్ మిషన్, కంప్యూటర్ ఉంది. ఇనుప రేకుకి పెట్టే పదునైన పంచ్‌తోనే దీన్నీ నొక్కారు. మడత వెంట అప్పడం విరిగినట్టు పటపటా చీలింది. ఈ రేకు మూల మడవాలంటే లోపల కనీసం 3 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి. పైగా రేకు రోలింగ్‌లో సాగిన వాటానికి అడ్డంగా మడవాలి. ఆ మాట చెప్తే అక్కడి కుర్రవాడు ‘మిషన్‌లో ఆ ఆప్షన్ లేదు అంకుల్’ అన్నాడు. మూడు ముక్కలు పాడయ్యాయి, డబ్బులు మాత్రం మూడింటికీ తీసుకున్నారు.

అప్పుడు దొరికాడు భాయ్. కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో చిన్న కొట్టు. ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బాలు, ఎండాకాలం కూలర్ బాడీలు చేస్తాడు. 2009 వరదలో కొట్టు మునిగి సామాను మొత్తం పోయింది, రేకు పెట్టి కొట్టే ఇనుప దిమ్మె, దాగలి ఒక్కటే మిగిలింది. బరువుకి కొట్టుకుపోలేదని చెప్తాడు. నా రేకు ముక్కను చేతిలోకి తీసుకుని, వంచి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు. ‘ఇది మాట ఇనే రేకు కాదు సారూ’ అన్నాడు. పేరు తెలియదు, నంబరు తెలియదు, ఒక్క మోతతో పట్టేశాడు.

ఒక కాలువ ముక్క కావాలన్నాను. అడుగు 60 మిల్లీమీటర్లు, రెండు పక్కలా అంచులు 20 చొప్పున. కూడితే 100 కదా అని 100 వెడల్పు కోస్తే తప్పవుతుంది. మడత గుండ్రంగా తిరిగేటప్పుడు మూలకు పోకుండా అడ్డదారిన పోతుంది, అందుకని రేకు తక్కువ పడుతుంది. మా ట్రెయినింగులో దానికొక సూత్రం నేర్పారు, ఇప్పటికీ కంఠతా వచ్చు. 3 మిల్లీమీటర్ల గుండ్రానికి, 0.8 రేకుకి, ఒక్కో మడత దగ్గర 2.33 మిల్లీమీటర్లు తగ్గించాలి. రెండు మడతలు, 95.3 వస్తుంది. నేను కళ్లజోడు పెట్టుకుని కాగితం మీద ఇదంతా వేస్తున్నాను. భాయ్ ఒక వేస్టు పట్టీ తీసుకుని సరిగ్గా 50 దగ్గర కోసి, ఒక ఇనుప కడ్డీ మీద కొయ్య సుత్తితో మడిచి, రెండు పక్కలూ కొలిచి కూడాడు. 52 మీద కొంచెం వచ్చింది. ‘మడతకి రెండుంబావు మిగుల్తాది సారూ, తొంబైఅయిదున్నరకి కోద్దాం, ఎక్కువైతే ఆకురాయి ఉంది కదా’ అన్నాడు. నా లెక్క అప్పటికింకా పూర్తి కాలేదు.

మేకుతో గీత పెట్టే అలవాటు మాన్పించడానికి మాత్రం నాకు నెల పట్టింది. మార్కర్ పెన్నులు కొనిచ్చాను. పెన్సిల్ కూడా వద్దన్నాను, ఆ నల్లటి పొడి ఈ రేకుని తినేస్తుంది. ‘పెళ్లికూతురికైనా ఇంత భద్రం లేదు’ అని గొణుక్కునేవాడు. ఇంకొక గొడవ సబ్బు. గిన్నెల రేకు గట్టిపడితే భాయ్ దాని మీద బట్టల సబ్బు రుద్ది మంట చూపిస్తాడు, సబ్బు నల్లబడగానే మంట తీసేస్తాడు, రేకు మెత్తబడుతుంది. వాళ్ల నాన్న నేర్పిన థర్మామీటర్ అది. మన రేకుకీ సబ్బు రుద్దడం చూసి పరిగెత్తుకుంటూ పోయి ఆపాను. ఈ 2024ని మెత్తబరిస్తే పోయిన బలం ఊరికే తిరిగి రాదు. 500 డిగ్రీలకు కాస్త తక్కువలో, అంత కచ్చితంగా వేడి పట్టే కొలిమి కావాలి, వెంటనే నీళ్లలో ముంచాలి. అలా ముంచిన తర్వాత అర్ధగంటో ఎంతో మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే గట్టిపడిపోతుంది. ఈ మాట విని భాయ్ చాలాసేపు ఆలోచించాడు. ‘అర్ధగంటకే ముసల్దైపోతాదా’ అని జాలిపడ్డాడు.

అన్నిటికన్నా కష్టం తోక లోపలి ఫ్రేము. అది గుండ్రటి కట్టు, చుట్టూ అంచు మడిచి ఉంటుంది. పాత టేకు తలుపు కోసి రెండు దిమ్మెలు చేశాను, రేకుని మధ్యలో బిగించి అంచును సుత్తితో కొంచెం కొంచెంగా వాల్చాలి. వదలగానే రేకు కాస్త వెనక్కి లేస్తుంది కాబట్టి దిమ్మె అంచుని రెండు మూడు డిగ్రీలు లోపలికి ఏటవాలుగా చెక్కాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ అంచు లోపలికి వాలేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, మిగిలిన రేకు పోవడానికి చోటుండదు. ఎక్కడో ఒకచోట ముడత పడి, ఆ ముడత మీద కొడితే చీలుతుంది. నాలుగు ఫ్రేములు అలా పోయాయి. సర్వీసులో మాకు ఇవి హెచ్‌ఏఎల్ నుంచి తయారై వచ్చేవి, బిగించడమే మా పని. భాయ్ పళ్లు లేని పట్టకారు దవడకు ఒక చువ్వ వెల్డు చేయించుకుని, అంచు వెంట ఒకే దూరంలో చిన్న చిన్న కుచ్చులు పెట్టాడు, చీర కుచ్చిళ్లలాగే. మిగిలిన రేకంతా ఆ కుచ్చుల్లోకి పోయింది, మధ్యలో అంచు చదునుగా నిలిచింది. కుచ్చు రివిట్ పడే చోట రాకూడదు, రెండు రివిట్ల మధ్యలో రావాలి, ఆ ఒక్కటే నేను చెప్పాను. ఫ్యాక్టరీలో చేసిన ఫ్రేముల్లోనూ అలాగే ఉంటుంది. బియ్యం డబ్బా మూత చేసే మనిషి దాన్ని చూడకుండానే అక్కడికి చేరుకున్నాడు.

రివిట్లు కొట్టడంలో రెండో మనిషి మా ఆవిడ. బయట నేను సుత్తి గన్ను పెడతాను, తోక లోపల ఆవిడ రివిట్ వెనక డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. 3.2 రివిట్‌కి లోపల తల 4.8 మిల్లీమీటర్ల వెడల్పు రావాలి, బొట్టుబిళ్లలా గుండ్రంగా. వంకరపోతే లోపలి నుంచి ‘ఇది ఏడ్చినట్టుంది, తీసేయండి’ అని కేక వినపడుతుంది. తీయడమంటే తలకు మధ్యలో డ్రిల్లు పెట్టి, తల మందం వరకే దింపి, పంచ్‌తో తట్టాలి. డ్రిల్లు పక్కకి జారితే రంధ్రం కోడిగుడ్డు ఆకారం అయిపోతుంది, అప్పుడు లావు రివిట్ వెతుక్కోవాలి. పాత రివిట్లు అలా 412 తీశాను. ఎండాకాలం తోక లోపల పావుగంట కూడా ఉండలేం, అందుకని ఆ పని పొద్దున 5 నుంచి 7 వరకే.

ఇంత చేసిందాన్ని తుక్కు అన్నారు.

మంచి రేకు, మంచి రివిట్లు వేశాడు కదా, ఎందుకు ఎగరకూడదు అని మీకు అనుమానం రావచ్చు. నా దగ్గరున్న రేకుకి ఏ కొలిమిలో ఎప్పుడు తయారైందో చెప్పే కాగితం లేదు. నా పని ఎవరూ తనిఖీ చేసి సంతకం పెట్టలేదు. ఎగిరే మిషన్‌లో ప్రతి ముక్కకీ ఆ రెండూ ఉండాలి, ఆ పైన పౌర విమానాల్ని తనిఖీ చేసే డీజీసీఏ సర్టిఫికెట్. పోనీ నేను ఎగరెయ్యను, రేపు నేను పోయాక? మా వాళ్లు దీన్ని అమ్మేస్తే ఆ ముక్కలు ఎవరి చేతికి పోయి ఏ మిషన్‌కి బిగుస్తాయో ఎవరు చూడొచ్చారు? కొత్తదానిలా మెరుస్తూ ఉంటాయి కూడాను. అందుకని చేసిన ప్రతి ముక్కనీ పెద్ద మార్కెట్టు దగ్గర స్టీలు సామాన్ల షాపుకు పట్టుకుపోతాను. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్‌తో ఒక్కో ముక్క మీద ‘ఎగరదు’ అని కొట్టిస్తాను. మొదటిసారి ఆ షాపు కుర్రాడు ‘మీ ఇంటిపేరా సార్?’ అని అడిగాడు.

నేను కోరేది రెండు. సవరణ వెయ్యండి, మూలన చిన్న అక్షరాల్లో కాదు, ఆ వార్త వేసినంత చోటులోనే. ఆదోని పిల్లాడి కళ్లకు కనపడాలి. రెండోది, విలేకరిని మళ్లీ పంపండి, మా ఇంటికి కాదు, భాయ్ కొట్టుకి. మధ్యాహ్నం నమాజు తర్వాత అయితే తీరిగ్గా ఉంటాడు. పేపర్లో పేరు వేస్తే కూలర్ల సీజనులో జనం మీద పడతారని భయపడుతున్నాడు, ముందు ఆయన్ని అడిగి వేయండి.

ఇంకొక మాట. మీరు వేసిన ఫొటోలో నేను రెండు చేతులతో తోక ఫ్రేము పట్టుకుని ఉన్నాను. మీ దగ్గర అసలు ఫొటో ఉంటుంది కదా, పెద్దది చేసి చూడండి. నా కుడి బొటనవేలి పక్కన, రెండు కుచ్చుల మధ్య, నాలుగు అక్షరాలు కనిపిస్తాయి.

ఇట్లు,
మాజీ ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్,
కర్నూలు